ఇష్టపూర్వకంగా

"కూసో లచ్చిరామన్నా. నిలబెట్టి మాట్లాడినమని దానికో కేసు వేస్తవు మల్ల."

"పర్వాలేదు సార్. నిలబడ్తనే."

"సార్ అంటున్నవ్. అప్పుడు చిన్నసేటు అనేటోనివి. కోర్టు మెట్లు ఎక్కినంక పిలుపు మారిందా?"

"అట్లేం లేదు చిన్నసేటు. ఆర్డరు తెచ్చిన."

మానుకోట పొలిమేరలో మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజీ అది. లచ్చిరాం అక్కడ లారీల కాంటా మీద కూర్చుని తూకం వేసేవాడు. పేర్చిన బస్తాలు కూలి ఒక హమాలీ కాలు విరిగినప్పుడు, అడగడానికి వచ్చిన లేబర్ ఆఫీసరుకు తాను చూసింది చూసినట్టు చెప్పాడు. మర్నాడు గేటు దగ్గరే "ఇక రాకు" అన్నారు. మూడేళ్లు వరంగల్ లేబర్ కోర్టు చుట్టూ తిరిగి, మళ్ళీ పనిలోకి తీసుకోవాలని తీర్పు తెచ్చుకున్నాడు. ఎదురుగా ఏసీ కింద కూర్చున్న రిత్విక్ యజమాని కొడుకు. తండ్రికి బదులు ఇప్పుడు అన్నీ అతనే చూస్తున్నాడు.

"ఎర్కనే. మా వకీలు చదివి చెప్పిండు. గెలిచినవ్, మంచిది. ఇగో, హాజరు పట్టీల సంతకం పెట్టు. ఇయ్యాల్టి నుంచి నువ్వు డ్యూటీల ఉన్నట్టే."

"ఇయ్యాల్నేనా?"

"మరి? అయ్యగారిని పిలిచి ముహూర్తం అడగాల్నా?"

"కాదు. ఇంత జల్ది అయితదనుకోలే."

"పెట్టినవా? ఆ. ఇగ చెప్పు, యాడ కూసుంటవ్?"

"యాడేంది సార్, కాంటా కాడనే. ఆర్డర్ల అదే రాసిండ్రు. అదే పని, అదే జాగ."

"అదే జాగ. కరెక్టే. గాని ఆ జాగల మనిషున్నది."

"ఆ."

"ఎవరో తెలుసు గదా."

"అఖిల. ఇన్న. మా దిక్కు పిల్లనే."

"మీ తండానా?"

"పక్క తండా. వాళ్ల నాయిన మాన్‌సింగ్ నాకు మంచిగ ఎర్కనే."

"అట్లనా. మంచి పిల్ల. తూకంల తప్పు రానియ్యది. గాని కాంటా ఒక్కటే, కుర్చీ ఒక్కటే. నేనేం జెయ్యాలె, నువ్వే చెప్పు."

"ఆమెను ఇంకోకాడ ఏస్తరనుకున్న."

"ఇంకోకాడ ఏముంది? లోపటి గదులల్ల చలి. బయట హమాలీ పని. కడుపుతోని ఉన్న పిల్లను ఏడ నిలబెట్టాలె?"

"కడుపుతోని ఉన్నదా?"

"నీకు తెల్వదా? మొన్న అచ్చి ప్రసూతి సెలవు అడిగింది. జీతంతోని. చట్టం ఉన్నదట. ఉన్నది, నేను కాదంటలే. కడుపుతోని ఉన్న మనిషిని తీసుడు చట్టానికి ఇరుద్ధం. నిన్ను తీసి ఒకసారి దెబ్బ తిన్నం. మల్ల అదే తప్పు చేస్తనా?"

"అయితే సార్..."

"అయితే ఏముంది. నాయిన హైకోర్టుకు పోదామంటున్నడు. స్టే తెస్తే నువ్వు మల్ల ఇంటికాడ. నేనే ఆపిన. పాపం, పెండ్లాం మిర్చి ఏరవోతున్నది, పెద్ద కొడుకు సదువు బందువెట్టిండు అని."

"మీకు దండం పెడ్త చిన్నసేటు. మల్ల కోర్టంటే నాతోని కాదు."

"నాకు తెల్వదా? అందుకే ఆపిన. గాని ఎన్నొద్దులని ఆపాలె? ఒక్క పనికి రెండు జీతాలంటే నాయిన ఒప్పుకోడు. ఆ పిల్ల తనంత తాను ఇంటికాడ ఉంట అంటే, అది వేరే ముచ్చట."

"తనంత తాను ఎందుకంటది?"

"అనకపోవచ్చు. ఎవలన్న తెలిసినోళ్లు, పెద్దమనిషి, మీ భాషల మంచిగ సమజ్ చేస్తే అనొచ్చు. నాకేం తెలుసు."

"నన్ను చెప్పమంటున్నరా?"

"నేనన్ననా?"

"లేదు గాని..."

"అన్ననా నేను? సక్కగ చెప్పు."

"అనలే."

"ఆ. నేనేమనలే. నువ్వు డ్యూటీల ఉన్నవ్, పోయి కాంటా గదిల కూసో. లారీలు ఇయ్యాల పగటి అన్నాలైనంకనే అస్తయి. అప్పటిదాంక నిమ్మలంగ మాట్లాడుకోండ్రి. చాయ్ పంపిస్త."

*

కాంటా గది ఇరుకుగా ఉంటుంది. ఒక కిటికీ, ఒక కంప్యూటర్, కిటికీలోంచి కనిపించే ఇనుప పలక. గుమ్మంలో లచ్చిరాంను చూసి అఖిల నడుము వెనక పెట్టుకున్న దిండు తీసి లేవబోయింది.

"రా కాకా, రా. ఇగో, నీ కుర్చీ."

"లేవకు బిడ్డా. నేను స్టూల్ మీద కూసుంట."

"గెలిచినవట గదా. హమాలీలందరిది పొద్దటి సంది అదే ముచ్చట. నాకెంత సంబురమైందో. మా ఆయనకు ఫోన్ జేసి చెప్పిన."

"యాడున్నడు ప్రేమ్‌చంద్?"

"భూపాలపల్లిల. బొగ్గు లారీ మీద డ్రైవరు. వారానికోపారి అస్తడు. చూసినవా, మనోడు కొట్లాడి గెలిచిండు అన్న. నిజం చెప్పాల్నా కాకా, నిన్ను చూసే నేను సెలవు అడిగిన. లేకుంటే నాకంత ధైర్నం యాడిది."

"నన్ను చూసా?"

"మరి? ఇయ్యకుంటే లచ్చిరాం కాక లెక్క నేను గూడ కోర్టుకు పోత అని చిన్నసేటు మొకం మీదనే అన్న."

"అట్ల అనకపోవాల్సింది."

"ఎందుకు?"

లచ్చిరాం లేచి తలుపు దగ్గరికి వేశాడు. బయట ఉన్నవాళ్లకు అర్థం కాకుండా తండా భాషలోకి దిగాడు. ఇంట్లో మాట్లాడే భాషే కనుక అఖిల కూడా అలవాటుగా అందులోకే వచ్చింది.

"బిడ్డా, ఈ మిర్చి ఘాటు నీకు మంచిది కాదు."

"అలవాటైంది కాకా."

"నీకు అలవాటైంది. కడుపులున్న దానికి? మా తమ్ముని పెండ్లాం గిట్లనే మిర్చి కల్లంల చేసి చేసి... పుట్టిన పిల్ల గుక్క తిప్పుకోలే. అటే పోయింది."

"నీకు తమ్ముడు యాడున్నడు కాకా? ఒక్కనివే గదా నువ్వు."

"వరసకు తమ్ముడు. చుట్టాలల్ల."

"ఓ. మా దవాఖానల డాక్టరమ్మ అయితే మూతికి గుడ్డ కట్టుకొమ్మన్నది. అంతే."

"వాళ్లకేం తెలుసు. ఇంటికాడ ఉంటే నీకే మంచిది. కానుపైనంక చూసుకుందాం."

"సెలవు అడిగిన గదా. ఇస్తరు. ఇయ్యక యాడికి పోతరు, నువ్వు గెలిచి చూపిస్తివి."

"గెలిచిన. ఏం గెలిచిన్నో తెలుసా నీకు? వాయిదా ఉన్నదని బస్సెక్కి వరంగల్ పోతే, జడ్జి లేడు, వచ్చే నెల రా అనేది. మా పెద్దోడు ఐటీఐ ఇడిసి హైదరాబాదుల సెంట్రింగ్ పనికి పోయిండు. మీ కాకి, మా ఇంటామె బుచ్చి, చేతులు చూసినవా? మిర్చి ఏరి ఏరి, అన్నం కలుపుకోరాదు. చెంచాతోని తింటది. పెండ్లికి పోతే కేసు లచ్చిరాం అచ్చిండంటరు. నా పక్కపొంటి కూసున్న మనిషి లేడు."

"అంత పడి నిలబడ్డవనే గదా అందరు..."

"నువ్వు ఓపవు. చంకల పిల్లనేసుకొని కోర్టు బల్ల మీద కూసుంటవా?"

"కూసుంట."

తలుపు కొట్టారు. గదులు ఊడ్చే కట్టమ్మ రెండు గ్లాసులతో వచ్చింది.

"చిన్నసేటు పంపిండు. ఇద్దరికి ఇయ్యమన్నడు."

"ఆడ పెట్టు కట్టమ్మక్కా. ఏంది, ఎన్నడు లేంది చాయ్?"

"నాకేం తెలుసమ్మా."

ఆమె వెళ్లాక అఖిల గ్లాసు ముట్టలేదు.

"కాకా. నిన్ను చిన్నసేటు పంపిండా?"

"నన్నెవరు పంపుతరు."

"ఒట్టు?"

"ఎవరు పంపలే అంటున్న గదా. నేనే అచ్చిన. ఇను, నీకు వీళ్ల సంగతి తెల్వదు. నువ్వు కోర్టు అన్నవ్ గదా, ఇగ కూసోనియ్యరు. తూకంల తేడా వచ్చిందంటరు. చీటీ మీద నీ సంతకమే ఉంటది. దొంగ అని పేరు పెడ్తరు. గీ కడుపుతోని ఠాణాల కూసోబెడ్తరు."

"నేనేం తప్పు చేసిన?"

"నేనేం చేసిన? తప్పుతోని పనేంది వాళ్లకు. ప్రేమ్‌చంద్ నడిపే లారీ ఓనరు మన సేటుకు తోడల్లుడు, తెలుసా నీకు? ఒక్క ఫోన్ చాలు."

"నిజంగ?"

"నిజమే."

ఆ తోడల్లుడిని లచ్చిరాం అప్పటికప్పుడు పుట్టించాడు. నోట్లోంచి వచ్చాక తానే కాసేపు నమ్మాడు.

"నన్ను బెదిరిస్తున్నవా కాకా?"

"బెదిరిచ్చుడేంది. అయ్యేది చెప్తున్న."

"నువ్వు రాకముందు నాకింత భయం లేకుండె. సేటు కండ్లెర్ర జేస్తే గూడ లేకుండె."

లచ్చిరాం చాయ్ గ్లాసు అందుకున్నాడు.

"నీకేం పని ఇదంతా? మా నాయిన గూడ ఇంత తండ్లాడడు నా గురించి. ఆ... కుర్చీ."

"ఏంది?"

"కుర్చీయే గదా కాకా. ఇంత దూరం తిప్పి, ఘాటని, పసిపిల్లని, లేని తమ్మున్ని తెచ్చి. నాకు కుర్చీ గావాలె, లే అంటే అయిపోవు గదా."

లచ్చిరాం గ్లాసు కింద పెట్టాడు.

"నీ నోటితోని అను ఒక్కసారి."

"గావాలె."

"ఆ."

"నాకు గావాలె బిడ్డా. మల్ల మూడేండ్లు నాతోని కాదు. నువ్వు వయసుల ఉన్నవ్, సదువుకున్నవ్, నీకు ఇంకోటి దొరుకుతది. నాకు దొరకది. ఇంకేం అడగకు."

"అడగ. మా ఆయన లారీ దిగితే ఇద్దరం రోడ్డు మీదనే. ఏం రాయాలె?"

"ఇప్పుడేనా?"

"ఇప్పుడు రాయకుంటే ఇంటికి పోయి మనసు మార్చుకుంట. చెప్పు. కోర్టు మాటలు నీకే తెలుసు."

"రాయి మరి. అఖిల అను నేను, ఇంటి పరిస్థితుల వల్ల, ఇష్టపూర్వకంగా నా ఉద్యోగమునకు రాజీనామా చేయుచున్నాను."

"ఇష్టపూర్వకంగా."

"ఆ. ఎవరి ఒత్తిడి లేకుండా."

"అది గూడ రాయాల్నా?"

"రాయాలె. అది లేకుంటే చెల్లది."

"ఒత్తిడికి తావత్తు ఉంటది గదా కాకా?"

"ఉంటది."

*

సాయంత్రం లచ్చిరాం తండా చేరేసరికి బుచ్చి కోడిని కోసి కూర వండింది. చుట్టుపక్కల నాలుగిళ్లకూ పంచి వచ్చి, భర్త ముందు కూర్చుంది.

"కుర్చీ అదేనా? మార్చిండ్రా?"

"అదే."

"ఆ పిల్లను ఏడ ఏసిండ్రు? మాన్‌సింగ్ బిడ్డను."

"మానుకున్నది."

"ఎందుకు? మొన్న అంగడిల కలిసింది. సెలవు అడిగిన కాకీ, ఇస్తరు అన్నది. మానుకుంట అనలే."

"కడుపుతోని ఉన్నది గదా. ఇంటికాడ ఉంట అన్నది."

"తనే అన్నదా?"

"తనే."

"ఎవలన్న ఏమన్న అన్నరేమో."

"అన్నం పెట్టు."

"నిన్ను తీసినప్పుడు గూడ వాళ్లు కోర్టుల అదే చెప్పిండ్రు. లచ్చిరాం తనంత తానే మానుకున్నడని. ఆ దినం ఇంటికచ్చి మన్నుల పొర్లినట్టు ఏడ్చినవ్."

"బుచ్చీ. అన్నం పెడ్తవా పెట్టవా?"

"పెడ్త. పెట్టకేం. పిల్ల మొకం ఎట్లుండె, అది చెప్పు."

"చూడలే."

"చూడలేదా?"

"రాసుకుంట తల వంచుకున్నది. కనపడలే."

"ఏం రాసింది?"

లచ్చిరాం గిన్నె దగ్గరికి లాక్కుని తనే వడ్డించుకున్నాడు. బుచ్చి తన కంచంలో కూర వేసుకోలేదు.

*

మర్నాడు మొదటి లారీ ఇంకా ఇనుప పలక మీద ఉండగానే లచ్చిరాంకు ఆఫీసు గదికి పిలుపు వచ్చింది. రిత్విక్ ఎదురుగా కుర్చీలో అఖిల కూర్చుని ఉంది.

"రా లచ్చిరాం."

"సార్, లారీ కాంటా మీదున్నది. చీటీ ఇచ్చి అస్త."

"అఖిల ఇస్తది లే. జరసేపు ఆగనీ."

"అఖిలనా? ఆమె రాజీనామా..."

"వాపస్ తీసుకున్నది. పొద్దుగాలనే. నా చేతులతోని చింపిన."

"మంచిది సార్."

"మంచిదే. గాని ఎందుకు రాసిందో అడగాల్నా వద్దా నేను? అడిగిన. ఏడ్చింది. కడుపుతోని ఉన్న ఆడమనిషిని గదిల కూసోబెట్టి, తలుపేసి, పుట్టే పిల్ల సచ్చిపోతదని, దొంగతనం పెడ్తరని, మొగని పని తీపిస్తరని. మాకు లేని తోడల్లున్ని గూడ తెచ్చినవట. మీ భాషల నువ్వు ఏమేం అన్నవో అన్ని తెలుగుల రాసిచ్చింది."

"సార్. మీరే గదా సార్."

"నేనా?"

"నిన్న ఈ గదిలనే..."

"ఏమన్న? యాది చేసుకొని చెప్పు. విచారణల గూడ ఇదే అడుగుతరు."

"తనంత తాను మానుకుంటే అని..."

"కడుపుతోని ఉన్నదాన్ని తీసుడు చట్టానికి ఇరుద్ధం అన్న. తప్పా?"

"తప్పు కాదు."

"పోయి కాంటా గదిల కూసో అన్న. చాయ్ పంపిన. ఇంకేమన్న?"

"చిన్నసేటు, నీ కాళ్లు మొక్కుత. పొరపాటైంది. ఆమె కాళ్లు గూడ మొక్కుత."

"లే, లే. అవన్ని వద్దు. ఇప్పుడు నిన్ను నోటిమాటతోని తీయనీకి రాదు. నీ తీర్పులనే ఉన్నది, విచారణ లేకుండ తీసుడు చెల్లదని. మాకు పద్ధతి నేర్పినవ్, పద్ధతిగనే పోతం. ఇయ్యాల్టి నుంచి సస్పెన్షన్. తర్వాత నోటీసు, నీ జవాబు, విచారణ, సాక్షి. నీ దిక్కు మాట్లాడనీకి ఒక మనిషిని గూడ తెచ్చుకోవచ్చు. అన్నీ అయినంకనే తీస్తం. అప్పుడు నువ్వు యాడికి పోయినా మాకు పరేషాన్ లేదు."

"నిన్ననే గదా సార్ సంతకం పెట్టిచ్చుకున్నరు."

"అవును. డ్యూటీ లేని మనిషైతే నేనేం అడగను? డ్యూటీల ఉండి చేసినవ్."

"అన్నీ... అన్నీ ముందే..."

"ముందే ఏంది? నువ్వు ఏం చేస్తవో నాకెట్ల తెలుస్తది? మంచిగ చాయ్ తాగి, ఆ పిల్లకు ధైర్నం చెప్పి రావచ్చు. నేను ఒద్దన్ననా?"



"మరి ఆమె సెలవు?"

"అదెందుకు నీకు? సరే, చెప్త. కానుపు దాంక చేస్తది. ఆ ఎన్క పిల్లను చూసుకుంట ఇంటికాడ ఉంటదట. జీతం సెలవు అక్కరలేదన్నది. అది గూడ రాసిచ్చింది. అడుగు, ఇక్కడనే ఉన్నది గదా."

లచ్చిరాం అఖిల వైపు తిరిగాడు. రిత్విక్‌కు అర్థం కాకూడదని తండా భాషలోనే, గొంతు తగ్గించి అడిగాడు.

"బిడ్డా, నువ్వన్న చెప్పు. అక్కరలేదని నువ్వన్నవా? నన్ను ఈయన పంపిండని నీకు ఎర్కనే గదా. ఒక్క మాట చెప్పు."

అఖిల తల ఎత్తింది. అతని ముఖంలోకి చూస్తూ, ఆ గదిలో అందరికీ అర్థమయ్యే తెలుగులో జవాబిచ్చింది.

"నేను చెప్పేదేముంది కాకా. నిన్న నువ్వు చెప్పింది రాసిన, ఇయ్యాల చిన్నసేటు చెప్పింది రాసిన."